గుర్రం కొని ఐదేళ్లు: పళ్ళు చూశాము, గిట్టలు చూడలేదు

తాడిపత్రి దగ్గరి మా ఊళ్లో చీనీ తోటకు వెళ్లిరావడానికి నేను గుర్రం కొని ఐదేళ్లు దాటింది. జీను, కళ్ళెం, మేత ఖర్చు వంటివి ఎవరిని అడిగినా తెలుస్తాయి కనుక వాటి జోలికి పోను. నా ఫిర్యాదు అంతా గిట్టల గురించే. అది కూడా గుర్రం మీద కాదు, కొన్న రోజున మేము చూపిన తెలివి మీద.

బేరానికి నాతో వచ్చిన మా మామ పశువుల సంతల్లో తల పండినవాడు. పెదవి ఎత్తి చూసి, పాలపళ్ళన్నీ పోయాయి గనుక ఐదేళ్లు నిండాయని, కింది నడిమి పళ్ళ గుంటలు అరుగుతున్నాయి గనుక ఆరో ఏడు నడుస్తున్నదని లెక్క కట్టాడు. ఆ లెక్క సరైనదేనని తరువాత పశువైద్యుడు కూడా అన్నారు. ఆపైన నుదుటి మీది సుడి గురించి గంటసేపు వాదించి, దాని పేరు చెప్పి 2,000 రూపాయలు తగ్గించుకుని మురిసిపోయాము. నాలుగు కాళ్లలో ఒక్కదానినైనా ఎత్తి చూడాలని మాకు తోచలేదు. వ్యాపారి గుర్రాన్ని పెన్నా ఇసుకలోనే నడిపించి, ఇసుకలోనే చిన్న పరుగు తీయించి చూపాడు.

ఇంటికి తెచ్చాక నాపరాళ్లు పరిచిన మా వీధిలో అది అడుగడుగునా తల ఎగరేస్తూ నడుస్తుంటే, ఏమి ఠీవి అంటూ జనం అరుగుల మీదకు వచ్చి చూశారు. మూడు వారాలకు ఒక ఉదయం అది ముందుకాళ్లు చాచి, బరువంతా వెనుకకాళ్ల మీద వేసి, అదిలించినా కదలక నిలబడిపోయింది. పశువైద్యుడు గిట్టకు పైన, కాలి వెనుక వేలు పెట్టి చూస్తే నాడి బలంగా కొట్టుకుంటున్నది. గిట్ట కొనను చిన్న సుత్తితో తడితే కాలు లాక్కున్నది. తల ఎగరేసే సంగతి నేను గొప్పగా చెప్పబోతే ఆయన నవ్వలేదు. నొప్పి ఉన్న ముందుకాలు నేలను తాకినప్పుడు గుర్రం తల పైకి ఎత్తుతుందని, బాగున్న కాలు మోపినప్పుడు దించుతుందని వివరించారు. ఊరంతా ఠీవి అనుకున్నది కుంటు. గిట్టలోని నొప్పి మెత్తని ఇసుకలో చాలావరకు దాగిపోతుంది, గట్టి నేల మీద దాగదు.

ఆయన చూపించిన మరొక సంగతి ఇంకా బాధించింది. గిట్ట మీద అడ్డంగా వలయాలు ఉన్నాయి. అవి కొన దగ్గర ఇరుకుగా, మడమ వైపు వెడల్పుగా సాగాయి. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, పై నుండి కొన వరకు దాదాపు ఏడాది కాలం నాటి ఆరోగ్యం దాని మీద రాసి ఉంటుందట. గింజలు మోతాదు మించి పెడితే పేగులలో పుట్టిన విషం గిట్ట లోపలి పొరలను వాపెక్కిస్తుందని, ఈ గుర్రానికి అది కనీసం ఒకసారి ముందే జరిగిందని తేల్చారు. అమ్మకానికి ముందు ఒళ్లు రావడానికి ఉలవలు దండిగా పెట్టి ఉంటారని నా అనుమానం. మేము కూడా ముద్దు చేసి ఉడికించిన ఉలవలు గంపలతో పెట్టాము కనుక, తప్పు మొత్తం ఆ వ్యాపారి నెత్తిన వేయలేను.

తరువాతి ఏడాది ఖర్చు గుర్రం ధరలో సగానికి వచ్చింది. ఉలవలు ఆపి ఎండు గరిక పెట్టాము, లాడాలు తీయించి గిట్ట కొనను ఆరు వారాలకొకసారి చెక్కించాము, కొట్టంలోని నాపరాళ్లు పెకలించి లోతుగా ఇసుక పోయించాము. (మేత ఇసుక మీద వేయకూడదు, గడ్డితో పాటు ఇసుక కడుపులోకి పోతే శూల వస్తుంది.) కొత్త గిట్ట పై నుండి దిగుతూ వస్తుంటే నెలనెలా గీత గీసి కొలుచుకున్నాను.

కొన్న కొత్తలో ఈ గుర్రం సాధుత్వాన్ని నేను అడిగినవారికీ అడగనివారికీ పొగిడాను. పిల్లలు కింద దూరినా కదలదని చెప్పాను. గిట్టలు బాగుపడిన తరువాత అది ఒకసారి నన్ను గట్టు మీద పడేసింది, రెండుసార్లు కట్టు తెంపుకుని పోయింది. కనుక ఆ సాధుత్వంలో నొప్పి పాలు ఎంతో ఇప్పుడు చెప్పలేను. మనిషిని చూసి కరవదు అన్నంత వరకు మాత్రం నా పాత మాట మీద నిలబడతాను.

ఇంత జరిగినా మళ్లీ కొంటానా అంటే కొంటాననే అంటాను, అయితే నాకు ఉద్యోగ విరమణ అయింది, తోటలో నీడ ఉంది, తోటకు దారి ఎర్రమట్టిది, పశువైద్యుడు పిలిస్తే వచ్చే దూరంలో ఉన్నారు. పెళ్లి ఊరేగింపులకు రోజూ తారురోడ్డు మీద తిప్పదలచినవారికి నా అనుభవం సరిపోతుందో లేదో తెలియదు. ఈసారి మాత్రం నాలుగు గిట్టలూ ఎత్తించి, లాడం మేకుల చుట్టూ పగుళ్లు చూసి, అడుగున కుళ్లు వాసన ఉందేమో చూసి, గట్టి నేల మీద రెండు వైపులా గుండ్రంగా పరుగెత్తించిన తరువాతే ధర అడుగుతాను. ఇప్పుడు నా గుర్రం తల ఎగరేయదు. అయినా మా వీధి బండల మీద ఇప్పటికీ దిగి, పగ్గం పట్టుకుని దానితో పాటే నడుస్తాను.