కృత్రిమ డిస్క్: నడుం వంగుతుంది సరే, వెనక కీళ్ల మాటేమిటి?

నడుంలో డిస్క్ (పూసల మధ్య మెత్త) తీయించి కృత్రిమమైనది పెట్టించుకున్నవాళ్లు మొదట చెప్పే మాట ఒక్కటే: వంగగలుగుతున్నాం. పూసలను స్క్రూలతో బిగించి కలిపేసే ఫ్యూజన్ ఆపరేషన్‌లో ఎముకలు అతుక్కున్న చోట కదలిక ఉండదు. కృత్రిమ డిస్క్‌లో రెండు లోహపు పలకల మధ్య గట్టి ప్లాస్టిక్ ముక్క మీద వెన్నుపూస జారుతుంది. ఏళ్లు గడిచినా నాకు ఆ సుఖం తగ్గలేదు. నా పేచీ అల్లా ఆ కదలిక భారం ఎవరి మీద పడుతోందన్నదే.

వెన్నులో ప్రతి లెవెల్‌కూ, అంటే రెండు పూసలు కలిసే ప్రతి చోటా, మూడు కీళ్లు: ముందు డిస్క్, వెనక ఫేసెట్లనే రెండు చిన్న కీళ్లు. మార్చేది ముందుదాన్నే.

డిస్క్‌ను ముందు వైపు నుంచి మారుస్తారు, కోత పొట్ట మీదే కాబట్టి మొదటి రోజుల బాధంతా పొట్టది. పేగులు మళ్లీ కదిలి గ్యాస్ పోయేదాకా తిండి తేలిగ్గానే పెడతారు. ఆ రోజో మర్నాడో నడిపిస్తారు. కూర్చుంటే లోపల్నుంచి పొడిచే పాత నొప్పి చాలామందికి ఈ రోజుల్లోనే తగ్గుతుంది. చిక్కు అక్కడే, అంతా అయిపోయిందనుకుంటారు.

తర్వాతి వారాల్లో కొత్త నొప్పి మొదలవుతుంది. నడుముకు రెండు పక్కలా, పిరుదుల్లోకి. ఎక్కువసేపు నిలబడితే, వెనక్కి వాలితే పెరుగుతుంది, ముందుకు వంగితే సర్దుకుంటుంది. డిస్క్ పాడైందేమోనని గాభరాపడతారు గానీ, చాలాసార్లు అది ఫేసెట్ల నొప్పే. ఏళ్ల తరబడి కుంగిపోయిన సందులో ఒక్కసారిగా 10 మిల్లీమీటర్లో అంతకన్నా ఎత్తుదో దూరుస్తారు. వెనక కీళ్ల పొరలు, లిగమెంట్లు (ఎముకలను కట్టి ఉంచే పట్టీలు), కండరాలు సాగుతాయి. పైగా డిస్క్ పెట్టేందుకు వెన్ను ముందు వైపున్న లిగమెంటును కోస్తారు కాబట్టి, మెలి తిరగకుండా ఆపే పని ఫేసెట్ల మీదే ఎక్కువ పడుతుంది. డిస్క్ మధ్యగీతకు కాస్త పక్కకు కూర్చుంటే ఒక వైపు కీలు మరీ నలుగుతుంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఇది తెలుస్తుంది.

సర్జన్ సరేననేదాకా వెనక్కి వాలడం, మెలి తిరగడం, నాలుగైదు కిలోలకు మించి ఎత్తడం మానాలి. పడుకున్నప్పుడు మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటే హాయి. నెలలు గడిచినా తగ్గకపోతే ఫేసెట్ దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. దాంతో తగ్గితే దోషి ఎవరో తేలినట్టే. కాలు బలహీనపడినా, మూత్రం ఆగినా, జ్వరం వచ్చినా, పిక్క వాచినా మాత్రం ఆగకుండా వెంటనే చూపించుకోవాలి.

ఇంకో వింత: కుడి పాదం చల్లబడిందని కొందరు కంగారుపడతారు. నిజానికి వేడెక్కింది ఎడమది. సాధారణంగా ఎడమ వైపు నుంచి వెళ్తారు కాబట్టి అక్కడ రక్తనాళాలను అదుపు చేసే సింపథెటిక్ నరాలు కదిలి, రక్తనాళాలు వెడల్పవుతాయి. చాలామందిలో నెమ్మదిగా సర్దుకుంటుంది. మగవాళ్లలో కొద్దిమందికి వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోవచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే అడగాల్సిన సంగతి.

వంగడం గురించి అంత పొగిడాను గానీ, అందులో పెద్ద వాటా తుంటి కీళ్లది. డిస్క్ ఇచ్చేది కొన్ని డిగ్రీలే, చుట్టూ ఎముక పెరిగితే అదీ తగ్గుతుంది. పై లెవెల్‌లోని సొంత డిస్క్‌ను కాపాడుతుందనే మాటకూ హామీ లేదు. 2006లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ప్రోడిస్క్-ఎల్ అనే కృత్రిమ డిస్క్ ట్రయల్‌లో కూడా విజయానికి నొప్పి సున్నా కావాలనలేదు. నడుంనొప్పి ఇబ్బందిని వందకు లెక్కగట్టే ఆస్వెస్ట్రీ స్కోరు 15 పాయింట్లు మెరుగుపడటం ఒక షరతు.

తేడా వస్తే డిస్క్ తీయడం తేలిక కాదు. పెద్ద సిరలు లోపలి పాత గాయపు మచ్చకు అతుక్కుపోయి ఉంటాయి, మళ్లీ పొట్టలోంచి వెళ్తే చిరిగే ప్రమాదం. అందుకే చాలాసార్లు డిస్క్‌ను అలాగే వదిలేసి వెనక నుంచి స్క్రూలు బిగిస్తారు. తప్పించుకుందామనుకున్న ఫ్యూజనే మళ్లీ!

నాది ఒకే లెవెల్, నడుం అడుగున ఉండే ఎల్5–ఎస్1. ఎముక గట్టిది, ఫేసెట్లు అరగలేదు, కాబట్టి నాకు లాభమే. రెండు లెవెళ్లున్నా, డెక్సా (ఎముక సాంద్రత పరీక్ష)లో ఎముక పలచబడినట్టు తేలినా, పూస ముందుకు జారినా నా అనుభవం మీకు వర్తించదు. ఎంఆర్‌ఐ ఒక్కటే చూసి ఆపరేషన్ తేదీ ఇచ్చేస్తుంటే, ఫేసెట్ల సీటీ స్కాన్ ఏదని అడగండి.