చెయ్యి పెట్టకుండా పెంచిన ఆరేళ్లు: ఆరెంజ్ బబూన్ టారాంటులాపై నా సమీక్ష

2019 జూన్‌లో టెక్సస్‌లోని మా ఊరికి దగ్గరగా జరిగిన ఒక సరీసృపాల సంతలో, మాత్రల డబ్బీలో చెమ్మగిల్లిన టిష్యూ ముక్క మీద ముడుచుకొని కూర్చున్న సాలీడు పిల్లను పాతిక డాలర్లకు కొన్నాను. అప్పటికి దాని ఒళ్లు కందిగింజంత ఉంది. ఇప్పుడు కాళ్లు చాపితే నా అరచేతిని దాదాపు కప్పేస్తుంది. అయితే ఈ కొలత డబ్బా గోడకు ఇవతల చెయ్యి ఆనించి చూసుకున్నదే గాని, దాన్ని చేతిలోకి తీసుకొని చూసింది కాదు. ఆరేళ్లు దాటినా ఒక్కసారి కూడా దాన్ని నేను తాకలేదు, అది నన్ను కరవలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నా నమ్మకం.

టారాంటులాలంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్లు. వాటిలో ఆరెంజ్ బబూన్ అని పిలిచే ఈ జాతి శాస్త్రీయ నామం టెరినోకైలస్ మ్యూరైనస్. అంగోలా మొదలుకొని ఆఫ్రికా ఖండపు మధ్య, తూర్పు, దక్షిణ భాగాల్లో పొడి నేలల మీద బతుకుతుంది. రంగు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. నా దగ్గర ఉన్నది టాంజానియాలోని ఉసాంబరా కొండల పేరుతో అమ్మే నారింజ రంగుది. మా ఇంట్లో దాన్ని పండుమిర్చి అని పిలుస్తాం. అమెరికా ఖండాలకు చెందిన టారాంటులాలు చాలావరకు తమ పొట్ట మీది దురద వెంట్రుకలను కాళ్లతో రాల్చి శత్రువును తరుముతాయి. ఆఫ్రికా, ఆసియా జాతులకు ఆ ఆయుధం లేదు. వాటికి ఉన్నవి వేగమూ కోరలూ మాత్రమే కాబట్టి బెదిరింపు నుంచి కాటు దాకా ఉండే దూరం బాగా తక్కువ. పెంపకందారుల్లో ఈ జాతికి ఉన్న చెడ్డపేరంతా ఇక్కడి నుంచే వచ్చింది.

ఆ బెదిరింపు ఎలా ఉంటుందో మొదటిసారి దగ్గర నుంచి చూసింది, అది రెండంగుళాలు కూడా పెరగని రోజుల్లో. నీటి గిన్నె నింపుదామని మూత ఎత్తానో లేదో, ముందరి రెండు జతల కాళ్లనూ పైకెత్తి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, కోరలు రెండూ విప్పి అలాగే నిలబడిపోయింది. కోరల మొదట్లో కుంకుమ రంగు వెంట్రుకలు, వాటి మధ్య నల్లగా మెరిసే రెండు కొక్కేలు. నేను కదలలేదు, అదీ కదలలేదు. ఊపిరి వదిలాను, ఆ గాలికి కాళ్లతో నేలను టపటపా కొట్టి మళ్లీ అదే భంగిమలోకి వెళ్లింది. ఎనిమిది కళ్లు ఉన్నా దాని చూపు అంతంతమాత్రమే. ఒంటి మీది వెంట్రుకలకు తగిలే గాలి కదలికా, నేల అదురూ దానికి లోకాన్ని తెలియజేస్తాయి. కనుక మూత తీసి దాని మీదికి ఊపిరి వదలడమంటే, నిద్రపోయేవాడి తలుపు దబదబా బాదడం లాంటిదే. తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందని సామెత. ఈ సాలీడు మాత్రం పెత్తనం అడగదు, తన గొట్టంలో తనను ఉండనిమ్మంటుంది. అంతకు మించి కోపం దానిలో నాకు కనబడలేదు.

ఈ సంగతి అర్థమయ్యాక నా జాగ్రత్తలన్నీ మారిపోయాయి. మొదట్లో పొడవాటి చేతి తొడుగులు కొన్నాను, అవి శుద్ధ దండగ. తొడుగు వేసుకుంటే వేళ్లకు స్పర్శ పోతుంది, స్పర్శ పోతే చెయ్యి మొరటుగా కదులుతుంది. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి మూడే పనిముట్లు: ఒక అడుగు పొడవున్న పట్టకారు, బొమ్మలు వేసే పొడుగుపిడి కుంచె, ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా. పట్టకారు విషయంలో పొరపాటు చేశాను. మొదట కొన్నది మొనదేలిన స్టీలుది; సాలీడు దాన్ని కరిచినప్పుడు టిక్కుమన్న చప్పుడు విని, కోర విరిగిందేమోనని రెండు వారాలు బెంగపడ్డాను. ఆ తర్వాత కొసలకు మెత్తని రబ్బరు తొడిగినది తెచ్చుకున్నాను. డబ్బా విషయంలోనూ అంతే. ఇంట్లో పెరుగు డబ్బాలకు కొదవ ఉండదు కదా అని ఒకటి కడిగి పెట్టుకున్నాను గాని, తెల్లని ప్లాస్టిక్ లోపల సాలీడు ఏ గోడ మీద ఉందో తెలియక అట్ట ముక్కను కిందికి జారించడానికి ధైర్యం చాలలేదు. లోపలిది కనబడని డబ్బాతో ఈ జాతిని పట్టకూడదు.

ఇక దాని ఇల్లు. మొదటి పెద్ద డబ్బా ముందువైపు జారే తలుపున్న అక్రిలిక్ పెట్టె. చూడడానికి అందంగా ఉంది, ధర కూడా సాలీడు ధర కంటే ఎక్కువే. కాని ఈ జాతి అల్లినంతగా పట్టు అల్లే టారాంటులాలు తక్కువ. నెల తిరగకుండానే తలుపు అంచు నుంచి వెనక గోడ దాకా తెల్లని దుప్పటి పరిచేసింది. తలుపు జరిపిన ప్రతిసారీ దాని ఇంటి పైకప్పు చిరిగేది, ప్రతిసారీ అది బయటికి దూసుకొచ్చేది. నేను దాన్ని మొండిది అనుకున్నాను, తప్పు పెట్టెది. 2021లో పైన మూత ఉండే పెట్టెకు మార్చాక, ఈ దూకుడులో మూడొంతులు మాయమైంది. ఇప్పటి పెట్టె పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 20. అయిదంగుళాల మందాన కొబ్బరి పొట్టు, తోట మట్టి, కాస్త ఇసుక కలిపి దట్టించాను, ఒక మూల కార్క్ బెరడు వాల్చాను, ఇంకో మూల నీటి గిన్నె పెట్టాను. మట్టి పొడిగానే ఉంటుంది. నెలకొకసారి గిన్నెను పొంగేలా నింపి ఆ మూలను మాత్రం తడుపుతాను. ఇంట్లో వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే చాలు, దీపాలూ వేడి పలకలూ అక్కర్లేదు. మూతకు ఇనుప జాలీ వద్దు, కాలి కొనగోళ్లు అందులో చిక్కుకుంటాయి. గుండ్రని రంధ్రాలు తొలిచిన పలక మేలు. మట్టికీ మూతకూ మధ్య ఎత్తు సాలీడు కాళ్ల చాపుకు ఒకటిన్నర రెట్లు మించనివ్వకూడదు. పైకెక్కి జారిపడితే పొట్ట పగులుతుంది, అది బతకదు.

అన్నిటికంటే పనికొచ్చిన మార్పు నాలుగు డాలర్లది. మూతకు ఒక మూల రూపాయి బిళ్లంత రంధ్రం తొలిపించి దానికి రబ్బరు బిరడా బిగించాను. తిండి వేయడానికీ, పొడుగుమూతి సీసాతో నీళ్లు పోయడానికీ ఆ రంధ్రం చాలు. పెద్ద మూత ఏడాదికి రెండు మూడుసార్ల కంటే ఎక్కువ తెరవను.

పెట్టె మార్చిన రోజు గురించి చెప్పాలి, ఎందుకంటే నా ఆరేళ్లలో నిజంగా చేతులు వణికింది ఆ ఒక్కసారే. స్నానాల తొట్టి ఆరబెట్టి, నీళ్లు పోయే రంధ్రం మూసి, తలుపు కింద తువ్వాలు కుక్కి, పాత పెట్టెనూ కొత్త పెట్టెనూ తొట్టిలో పక్కపక్కన పెట్టాను. అంతవరకు సరిగ్గానే చేశాను. తొట్టి కర్టెన్ తీసేయాలన్న ఆలోచన మాత్రం రాలేదు. కుంచెతో వెనక కాలిని మెల్లగా తాకగానే కొత్త పెట్టెలోకి నడవాల్సిన సాలీడు, ఎదురు తిరిగి పట్టకారు వెంట పైకి ఎగబాకింది. పట్టకారు వదిలేశాను. నున్నని తొట్టి గోడ మీద అది ఎక్కలేదనుకుంటారు చాలామంది; కాలి కింది సన్నని రోమాల వల్ల గాజు మీద కూడా సునాయాసంగా ఎక్కుతుంది. రెండు చుట్లు తిరిగి కర్టెన్ ముడతల్లోకి దూరింది. నలభై నిమిషాలు నేను తొట్టి అంచు మీద కదలకుండా కూర్చున్నాను. చీకటి చేస్తే మెల్లగా దిగివస్తుందని దీపం ఆర్పి, ఫోను వెలుతురు తలుపు వైపు తిప్పి పెట్టాను. చివరికి గోడ మీదికి దిగి ఆగింది. డబ్బా బోర్లించి, అట్ట జారించి, కొత్త పెట్టెలో పెట్టి మూత వేసేదాకా పట్టిన సమయం అర నిమిషం కూడా లేదు. పెట్టె మార్చేటప్పుడు సాలీడును తరమడం కంటే, అది ఆగినచోట డబ్బా బోర్లించడం ఎంతో సులువని అప్పుడు తెలిసింది. కర్టెన్ మళ్లీ తగిలించలేదు.

తిండి సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. పిల్లగా ఉన్నప్పుడు వారానికొకసారి, ఇప్పుడు రెండు వారాలకొకసారి. మొదట కీచురాళ్లు వేసేదాన్ని. తప్పించుకున్నవి వంటింటి అలమర వెనక చేరి రాత్రంతా అరిచేవి. మా ఆయనకు సాలీడుతో ఏనాడూ పేచీ లేదు, దాని తిండితోనే పేచీ. దుబియా బొద్దింకలకు మారాక ఇల్లు నిశ్శబ్దమైంది. ముట్టని తిండిని మర్నాటికల్లా తీసేయాలి, కుబుసం విడిచే రోజుల్లోనైతే అసలు వేయకూడదు. అప్పుడు సాలీడు ఒళ్లు ఎంత మెత్తగా ఉంటుందంటే, మామూలు కీచురాయి కూడా దాన్ని కొరికి చంపగలదు.

2023 డిసెంబరులో మా అమ్మ గుత్తి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నప్పుడే అది కుబుసం విడిచింది. వచ్చిన మొదటి రోజే పెట్టె చూసి, “ఏందే ఇది? సాలెపురుగు కనబడితే మేం చీపురు ఎత్తుకుంటాం, నువ్వేమో దానికి ఇల్లు కట్టిచ్చినావు” అంది. పట్టు గొట్టం ఒక పక్క పెట్టె గోడకు ఆనుకొని ఉండడంతో, ఒక ఉదయం అది వెల్లకిలా పడి ఉండడం ముందుగా అమ్మకే కనబడింది. చచ్చిపోయిందని తీర్మానించి, పారేయమని నన్ను లేపింది. ఇలా వెల్లకిలా ఉన్న సాలీడును చచ్చిందనుకొని నిజంగానే పారేసినవారు ఉన్నారు. చచ్చే టారాంటులా కాళ్లు కిందికి ముడుచుకుంటుంది. కుబుసం విడిచేది వెల్లకిలా పడుకుంటుంది. అమ్మా నేనూ కుర్చీలు వేసుకొని నాలుగు గంటలు చూశాం. వీపు పలక ముందు పగిలింది, ఆ తర్వాత చొక్కా చేతుల్లోంచి చేతులు లాగినట్టు ఒక్కొక్క కాలే బయటికి వచ్చింది. కొత్త కోరలు పాలపళ్లంత తెల్లగా ఉన్నాయి. రోజులు గడిచేకొద్దీ ఎర్రబారి, ఆపైన నల్లబడ్డాయి. పూర్తిగా నల్లబడి మరో వారం అయ్యాకే తిండి వేశాను. అంతకుముందు విడిచిన కుబుసాన్ని నీళ్లలో నానబెట్టి పొట్ట తోలు లోపలివైపు పరిశీలించే, అది ఆడదని నిర్ధారించుకున్నాను. ఈ జాతిలో మగది మూడు నాలుగేళ్లకే పోతుంది. ఆడది పన్నెండేళ్లకు పైగా బతుకుతుంది. కొనే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఆ సాయంత్రం అమ్మకు మన ఊరి నీలం సాలీడు కథ చెప్పాను. పండుమిర్చి జాతిని 1897లో వర్ణించిన పోకాక్ అనే శాస్త్రవేత్తే, 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడును పీసిలోథీరియా మెటాలికాగా వర్ణించాడు. అది కలపతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చిందని భావిస్తారు. నూరేళ్ల తర్వాత 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. 2008 నాటి అంచనా ప్రకారం వంద చదరపు కిలోమీటర్ల కంటే తక్కువ మేర ఉన్న అడవిలోనే బతుకుతోంది, అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఇక్కడ అమెరికాలో పెంపకంలో పుట్టిన పిల్లలు దొరుకుతాయి గాని, నేను కొనలేదు. అది పారిపోయి దాక్కునే రకం, కాటు మాత్రం ఆరెంజ్ బబూన్ కాటుకు తీసిపోదు. అక్కడి అడవి నుంచి ఎవరైనా పట్టి తెచ్చి అమ్మజూపితే కొనవద్దని మాత్రం మన వైపు వారికి మనవి.

కాటు విషయం. టారాంటులా కాటుతో మనిషి చనిపోయినట్టు నిర్ధారించిన దాఖలా లేదు. అంతమాత్రాన తేలిగ్గా తీసుకోదగింది కాదు: తీవ్రమైన నొప్పి, వాపు, ఆపైన రోజుల తరబడి కండరాలు పట్టేయడం ఈ జాతి కాటుకు మామూలే. ఉంగరాలు తీసేసి, సబ్బుతో కడిగి, మంచు గడ్డ గుడ్డలో చుట్టి పెట్టి, ఊపిరి గాని గుండె గాని ఇబ్బంది పెడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అమెరికాలో విషం సోకినప్పుడు సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 మా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. పెట్టె ఉన్న గదిలోకి పిల్లలు ఒంటరిగా వెళ్లరు, మూతకు రెండు వైపులా క్లిప్పులు ఉంటాయి, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్న రోజు మూత తెరవను.

నా పెంపకంలో సాలీడుకు వచ్చిన అసలు గండం మాత్రం నా వల్ల రాలేదు. అప్పట్లో ఉన్న అపార్ట్‌మెంటులో పురుగుల మందు కొట్టవద్దని రాతపూర్వకంగా అడిగి ఉంచినా, నేను ఆఫీసులో ఉన్న సమయంలో వచ్చి వంటిల్లంతా కొట్టి వెళ్లారు. బొద్దింకను చంపే మందు సాలీడును వదిలిపెడుతుందా? పెట్టె పక్కగదిలో ఉండడం వల్ల బతికిపోయింది. అదే రాత్రి కారులో పెట్టుకొని స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్లి రెండు వారాలు అక్కడే ఉంచాను. అద్దె ఇళ్లలో ఉండేవారు సాలీడును కొనే ముందు, పురుగుల మందు కొట్టడం గురించి అద్దె ఒప్పందంలో ఏముందో చదవాలి.

చూడడానికైతే పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. రాత్రి పదకొండు దాటాక గొట్టం నోట్లోంచి నారింజ కాళ్లు నాలుగు మెల్లగా బయటికి రావడం నాకు ఇప్పటికీ విసుగు పుట్టించలేదు. మొదటిసారి టారాంటులా పెంచేవారికైతే రెండుకు మించి వేయను. వాళ్లు మెక్సికో, చిలీ వైపు నెమ్మదైన జాతితో మొదలుపెట్టి, రెండేళ్ల తర్వాత దీని సంగతి ఆలోచించాలి. చేతిలో పెట్టుకొని ఫొటో దిగాలన్న కోరిక ఉన్నవారు ఎన్నేళ్ల తర్వాతైనా దీన్ని కొనకూడదు.

కుక్కనో పిల్లినో పెంచేవారికి లేని సుఖం ఒకటి ఉంది. సంక్రాంతికి మూడు వారాలు గుత్తి వెళ్లినప్పుడు, ముందు రోజు ఒక బొద్దింక వేసి, గిన్నె నింపి, క్లిప్పులు బిగించి తాళం వేసుకొని వెళ్లాను; ఎవరినీ బతిమాలలేదు. తిరిగి వచ్చి చూస్తే గిన్నె కనబడలేదు. దాని నిండా మట్టి తోడి పోసి, పైన మందంగా పట్టు పరిచేసి, అంచు మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. బిరడా తీసి నీళ్ల సీసా మూతి లోపలికి దించగానే ముందరి కాళ్లు రెండూ పైకి లేచాయి.