పోర్టు పలుకుతోందా: నెట్‌క్యాటా, ఎన్‌మ్యాపా?

నిమిషానికోసారి 5432 పోర్టును (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా వినే నెట్‌వర్క్ ద్వారం) తట్టి చూసే స్క్రిప్టు కావాలి. దేనితో రాయాలి: కనెక్షన్ కలుస్తుందో లేదో చూసే నెట్‌క్యాట్‌తోనా, పోర్టులను స్కాన్ చేసే ఎన్‌మ్యాప్‌తోనా?

శ్రమ: నెట్‌క్యాట్‌తో ఒక్క లైను. ‘మైనస్ జెడ్’ పెడితే డేటా పంపకుండా కనెక్షన్ మాత్రం ప్రయత్నిస్తుంది; కుదిరితే ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే ఫలితపు అంకె) 0, అంటే విజయం. ఎన్‌మ్యాప్ అలా కాదు, పోర్టు మూసి ఉన్నా స్కాన్ పూర్తయితే చాలు, 0 ఇచ్చేస్తుంది. నేను ఇక్కడే బోల్తా పడ్డాను: సర్వీసు పడిపోయినా అలర్ట్ రాలేదు. అవుట్‌పుట్‌లో ‘ఓపెన్’ అన్న మాట వెతకాల్సిందే.

వివరం: ఎన్‌మ్యాప్‌దే పైచేయి. ‘క్లోజ్డ్’ అంటే అవతల వినేవాళ్లు లేరు. ‘ఫిల్టర్డ్’ అంటే దారిలో ఫైర్‌వాల్‌ని అనుమానించాలి.

రిస్క్: నెట్‌క్యాట్‌కు ‘మైనస్ డబ్ల్యూ 3’ లాంటి గడువు పెట్టకపోతే స్క్రిప్టు వేలాడుతుంది. యూడీపీ (ముందుగా కనెక్షన్ కలపకుండానే డేటా పంపే పద్ధతి) విషయంలో నెట్‌క్యాట్ మాట నమ్మొద్దు. ఎన్‌మ్యాప్ నడిపేముందు సెక్యూరిటీ టీమ్‌కు చెప్పండి.

క్రాన్‌లో (వేళ ప్రకారం కమాండ్లు నడిపే లైనక్స్ సాధనం) తిరిగే పనికి నెట్‌క్యాట్. అలర్ట్ మోగాక కారణం తవ్వడానికి ఎన్‌మ్యాప్.