బర్గర్‌తో వచ్చే సినిమా బొమ్మ: హనుమకొండలో ఒక దుకాణం

పిల్లల భోజనంతో పాటు కొత్త యానిమేషన్ చిత్రంలోని పాత్రల బొమ్మలను ఇస్తున్నారని తెలిసి హనుమకొండలోని ఒక బర్గర్ దుకాణానికి వెళ్ళాము. అమెరికాలో 1979లో మొదలైన హ్యాపీ మీల్ (మెక్‌డొనాల్డ్స్ వారి, బొమ్మతో వచ్చే పిల్లల భోజనం) అదే ఏడాది స్టార్ ట్రెక్ చిత్రంతో జతకట్టింది కనుక, ఈ ఆకర్షణ పాతదే. మాకు దక్కిన ఏనుగు పిల్ల గట్టి ప్లాస్టిక్‌తో, గరుకు అంచులు లేకుండా ఉంది; అయితే కంటికి వేసిన నల్ల రంగు చెంపపైకి పాకింది, వీపుమీది మీటను నొక్కితే తొండం సగం వరకే లేచి ఆగిపోతుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే, బొమ్మను ఎంచుకునే వీలు లేకపోవడంతో, వరుస పూర్తి చేయదలచినవారికి ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ అంటగట్టబడుతుంది. కవరు చించకముందే అడిగితే కౌంటరులోని అబ్బాయి మార్చి ఇస్తాడు కానీ, ఆ సంగతి బోర్డుపై ఎక్కడా లేదు. బర్గర్ చల్లారిపోయి ఉంది. బొమ్మను విడిగా అమ్మితే భోజనం జోలికే వెళ్ళను.