మాయల ఫకీరు: రెండు బొమ్మలు, ఒకటే కథ

మా పిన్ని కూతురు ఆఫీసు పని అయ్యాక బొమ్మలు వేస్తుంది. ఈమధ్య బాలనాగమ్మ కథ మీద రెండు వేసి, "ఏది బాగుందక్కా?" అంది.

మొదటిది కాన్వాస్ మీద యాక్రిలిక్. మర్రిచెట్టు, నీలం పొగ, ఫకీరు వెనక మెరుపు. చూడగానే అబ్బో అనిపిస్తుంది. కానీ మెరుపు వెనక ఉంటే ముఖం ఎలా వెలిగింది? చేతులు వేయడం రాక అంగీలో దాచేసింది, దొరికిపోయింది. పొగ మాత్రం భలే కుదిరింది. ఫకీరే ఏదో వీడియో గేమ్ మాంత్రికుడిలా ఉన్నాడు.

రెండోది తెలంగాణలోని చేర్యాల ఊళ్లో నకాశీలనే చిత్రకారులు వేసే తీరులో. అసలు నకాశీలు గుడ్డకి చింతగింజల పిండి, సుద్దమట్టి కలిపి పూసి, దాని మీద వేస్తారు. ఈమె అట్ట మీద పోస్టర్ రంగులతో కానిచ్చేసింది. గీత అక్కడక్కడా వణికింది, ఎరుపు నేపథ్యం మచ్చలు మచ్చలుగా ఆరింది. అయినా నా కన్ను దీని మీదే నిలిచింది. చేర్యాల పటం కథ చెప్పేవాళ్ల కోసం పుట్టింది కాబట్టి గడి తర్వాత గడి చదువుకోవచ్చు: భిక్షకొచ్చిన ఫకీరు, కుక్కగా మారిన బాలనాగమ్మ, ఏడు సముద్రాల అవతల ఫకీరు ప్రాణమున్న చిలక. చివరి గడిలో బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు చిలక మెడ విరుస్తుంటే, పక్కనే ఫకీరు మెడ సరిగ్గా అదే ఒంపులో వాలిపోయింది. ఈ ఆలోచన ఎవరూ నేర్పింది కాదు.

రెండోదే అన్నాను. తను మొదటిదానికి ఫ్రేమ్ కట్టించుకుంది.