ఓమ్నిలో పెట్రోల్ పైపులు: మీటరు రబ్బరా, కంపెనీ పైపా, ఇంజెక్షన్ పైపా?

పాత కార్బ్యురేటర్ మారుతి ఓమ్ని వ్యాన్ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సీటెత్తితే ఇంజిన్. పక్క నుంచి చెయ్యి దూరదు, దూరినా స్క్రూడ్రైవర్ తిరగదు. అందుకే హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో స్పేర్ పార్టులు దొరికే రాణిగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో షాపులో నిలబడి ఏ పైపు కొనాలా అని ఆలోచిస్తున్నప్పుడు, ధర కంటే ముందు ఒకటి అడగాలి: ఈ పైపు దగ్గరికి మళ్లీ చెయ్యి పెట్టగలమా?

మీటరు లెక్కన కోసిచ్చే నల్ల రబ్బరు పైపు అందరికీ తెలిసిందే. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కార్బ్యురేటర్ బండిలో పంపు ఒత్తిడి అర బార్ కూడా దాటదు కాబట్టి ఒత్తిడి వరకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా పెట్రోల్‌తోనే. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసింది. నాసిరకం రబ్బరు దానికి ఉబ్బుతుంది, బండి వాడకుండా ఉంచితే ఆరి గట్టిపడుతుంది. పైన నున్నగానే కనిపిస్తుంది, లోపలి పొర మాత్రం రేకులుగా లేచి కార్బ్యురేటర్ జెట్‌లో, అంటే పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రంలో, ఇరుక్కుంటుంది. క్లిప్పుకి అంగుళం దూరంలో పైపుని వంచి, బొటనవేలితో నొక్కి చూడండి. సన్నటి పగుళ్లు తెరుచుకున్నాయంటే దాని పని అయిపోయినట్టే.

బైకులకి వేసే తెల్ల ప్లాస్టిక్ పైపు మాటే వద్దు. ఇంజిన్ వేడికి అది నిలవదు.

కంపెనీ పైపు గొప్పతనం దాని వంపులో ఉంది. ఆ మూలకి సరిపోయేలా ముందే వంచి పోత పోస్తారు. అదే మూలలో తిన్నటి పైపుని బలవంతంగా వంచితే లోపల ముడత పడుతుంది. ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ తెలియదు, నిండు లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పెట్రోల్ చాలక బండి తన్నుకుంటుంది. చాలామంది అప్పుడు కార్బ్యురేటర్ విప్పిస్తారు, తప్పు పైపుదైతే ఎంత శుభ్రం చేసినా ఏం లాభం! ఓమ్ని తయారీ 2019లోనే ఆగిపోయింది. దొరికిన ఒరిజినల్ ఎన్నేళ్లుగా షాపులో ఉందో చూసి కొనాలి. ప్యాకెట్లో ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది.

ఇక ఇంజెక్షన్ పైపు, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకి చేసేది. పైన జె30 ఆర్9 (J30R9) అని దాని ప్రమాణం అచ్చు ఉంటుంది, లోపల ఫ్లోరో రబ్బరు పొర. ఇథనాల్‌ని బాగా తట్టుకుంటుంది, పెట్రోల్ ఆవిరిని బయటికి తక్కువగా వదులుతుంది. సీటు కిందే ఇంజిన్ ఉన్న బండిలో, మే నెల ట్రాఫిక్‌లో, ఇది చిన్న విషయం కాదు. మందం ఎక్కువ కాబట్టి ఇరుకు వంపుల్లో తిరగదు, పాత క్లిప్పులు పట్టకపోవచ్చు. అచ్చు లేకుండా 'అదేనండీ ఇది' అని ఇస్తే తీసుకోకండి.

నా తీర్పు ఇది. చెయ్యి అందని చోట, వంపు తేలిగ్గా ఉంటే ఇంజెక్షన్ పైపే, ఖర్చైనా సరే. ఇరుకు మలుపుకి కంపెనీ పైపు. మంచి రకం మీటరు రబ్బరు ఫిల్టర్ దగ్గర కళ్లకి కనిపించే చిన్న ముక్కకే. మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి తిరిగి పంపే రిటర్న్ లైన్ కూడా మార్చాల్సిన పైపే, దాన్ని వదిలేయకండి. బండి ఎంపీఎఫ్ఐ అయితే, అంటే కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నదైతే, ఎంచుకునేదేమీ లేదు. అక్కడ ఒత్తిడి సుమారు 3 బార్, ఇంజెక్షన్ పైపు తప్ప మరోటి వేయకూడదు.

క్లిప్పుల్లో గాడులు కోసిన స్క్రూ క్లిప్పు బిగించేకొద్దీ రబ్బరుని కొరుకుతుంది. అంచులు మడిచిన నున్నటి పట్టీ క్లిప్పు మేలు. పైపు ఎక్కించేముందే స్క్రూ తల మీ చెయ్యి వచ్చే వైపుకి తిప్పుకోండి, తర్వాత తిప్పడానికి చోటుండదు.

ఇంజిన్ చల్లారాక, బ్యాటరీ నెగటివ్ తీశాకే పని మొదలుపెట్టండి. గట్టిపడిన పాత పైపుని లాగకండి, కార్బ్యురేటర్ ముక్కు విరుగుతుంది. బ్లేడుతో నిలువుగా చీల్చి ఒలవండి, ఇత్తడి మీద గీత పడనీయకండి. కొత్తది బిగించి స్టార్ట్ చేశాక ప్రతి అతుకు చుట్టూ టిష్యూ కాగితం తిప్పి చూడండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద ఇంకోసారి చూడండి. కొన్ని లీకులు అప్పుడే బయటపడతాయి.