కారు పైన కయాక్: నాలుగేళ్ల వాడకం తర్వాత

కారు పైకప్పు మీది రూఫ్ ర్యాక్‌కి జె ఆకారపు క్రేడిల్స్ (పడవను పక్కకు వాల్చి పట్టి ఉంచే కొక్కేలు) బిగించి నాలుగేళ్లుగా కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, మోసుకెళ్తున్నాను. క్రేడిల్స్ బాగానే ఉన్నాయి. అప్పుడప్పుడు బోల్టులు బిగించుకుంటే చాలు. అసలు గొడవంతా పట్టీలతోనే.

మొదట్లో రాచెట్ పట్టీలు, అంటే లివర్ కొట్టి బిగించేవి, వాడాను. టకటకమని లివర్ కొడుతుంటే ఎంత బిగిస్తే అంత భద్రం అనిపించేది. ఒకరోజు ఎండలో కారు వదిలి మూడు గంటల తర్వాత వచ్చి చూస్తే కయాక్ అడుగున అరచేయంత సొట్ట! ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది కదా, పట్టీ పిండేసింది. పట్టీ విప్పి, మళ్లీ ఎండలోనే పెట్టి లోపలినుంచి నొక్కితే చాలావరకు సర్దుకుంది గానీ మచ్చ మాత్రం పోలేదు.

తర్వాత కామ్ బకిల్ పట్టీలకు, అంటే చేత్తో లాగితే బకిల్ పట్టుకుని ఉంచేవాటికి, మారాను. మన చేతి బలం ఎంతో అంతే బిగుస్తాయి, అందుకే నాకు నచ్చాయి. పట్టీని క్రేడిల్‌కి మాత్రమే కాకుండా ర్యాక్‌లో అడ్డంగా ఉండే క్రాస్‌బార్ కిందనుంచి కూడా తిప్పాలి. బిగించాక కయాక్ పట్టుకుని ఊపితే కారంతా ఊగాలి, కయాక్ విడిగా కదలకూడదు. స్పీడ్ పెరిగితే పట్టీ గుయ్‌మని మోగుతుంది. ఒక్క మెలిక వేస్తే ఆ రొద పోతుంది, ఇది తెలియక ఏడాదిపాటు తలనొప్పి భరించాను.

పట్టీలు ఉండగా కయాక్ ముక్కును కారు ముందు భాగానికి కట్టే తాడు ఎందుకులే అనుకునేవాణ్ణి. ఒకసారి ఎదురుగా లారీ దూసుకెళ్లిన గాలికి కయాక్ ముక్కు జానెడు పక్కకు జరిగింది. అప్పటినుంచి ముందూ వెనకా తాళ్లు కట్టకుండా బండి కదిలించను. తాడు కొస వేలాడి టైరు కింద పడకుండా చూసుకోవాలి, మరీ లాగి కడితే ముక్కు కిందికి వంగుతుంది.

ఉప్పునీళ్లు, ఇసుక తగిలాక బకిల్ మంచినీళ్లతో కడక్కపోతే దాని స్ప్రింగ్ పట్టేస్తుంది. రెండేళ్లకు పట్టీలు రంగు వెలిసి, అంచుల్లో నూలు లేచింది. వెంటనే మార్చేశాను. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

నాకున్న పెద్ద ఫిర్యాదు ఎత్తడం గురించే. పాతిక కిలోల కయాక్‌ను ఒంటరిగా ఆ జె కొక్కెం మీదుగా దాటించాలంటే భుజాలు పట్టేస్తాయి, గాలి ఉందంటే ఇక చెప్పక్కర్లేదు. పైగా బండి ఎత్తు బాగా పెరుగుతుంది. ఒకసారి పైన కయాక్ ఉందన్న సంగతే మర్చిపోయి తక్కువ ఎత్తున్న పార్కింగ్‌లోకి దూరబోయి, చివరి క్షణంలో బ్రేక్ వేశాను. ఇప్పుడు మొత్తం ఎత్తు ఎంతో రాసిన కాగితం స్టీరింగ్ పక్కనే అంటించి ఉంటుంది.